దేవుని పేరిట బిడ్డలను భయపెట్టుట

దైవభక్తి గల యే గృహమునకైనను పోయి, వేకువ మొదలు రాత్రి పడకవఱకు ఒక మూల కూర్చుండి, పెద్దలు చిన్నబిడ్డలతో ఆడు మాటలను వినినచో, మాటిమాటికి చెవిని బడు వాక్యమొకటి కలదు. "తప్పు! కళ్లు పోతాయి!" నైవేద్యమునకు ముందు బెల్లపుముక్కకు చేయి చాఁచిన బిడ్డతో ఈ మాట. కంచములో అన్నము విడిచిన బిడ్డతో ఈ మాట. తమ్ముని గిల్లినను, అబద్ధమాడినను, దేవుని పటమువంక చూచి నాలుక వెళ్లఁబెట్టినను ఈ మాటయే. చెప్పినవారికి ఆ క్షణమున గట్టి కోపమైనను ఉండదు. కన్నులు నిజముగా పోవునను నమ్మకము అంతకంటె ఉండదు. వెంటనే "లెంపలు వేసుకో" అందురు. బిడ్డ రెండుచెంపలమీఁద మెల్లగా తట్టుకొనును. అంతటితో వ్యవహారము ముగియును. ఇంతటి చిన్నమాటనుగూర్చి పుటలకొలఁది వ్రాయుట యేల యని కొందఱు నవ్వవచ్చును. కాని ఆలోచింపుఁడు. ఈశ్వరుఁడనువాఁడు కలఁడని ఆ పసిబిడ్డ మొదట వినుచున్నది ఈ వాక్యమునందే. గ్రంథములు, ఉపన్యాసములు, యాత్రలు అన్నియు తరువాత వచ్చును. అవి వచ్చునప్పటికే పునాదిలో ఒక రాయి పడియుండును. ఆ రాయి యెట్టిదో చూచుకొనవలసిన భారము తల్లిదండ్రులది. దేవుని పేరు చెప్పి బిడ్డను భయపెట్టుట ధర్మమేనా? భయపెట్టి నేర్పినదానికి భక్తియను పేరు చెల్లునా? ఇచ్చట విచారింపఁబూనిన విషయమిదియే.

నేను చెప్పుచున్నది మంచివారి యింటిమాట. తల్లి తెల్లవాఱకముందే లేచి, వాకిలి జానెఁడే యైనను కడిగి ముగ్గు పెట్టును. తండ్రి స్నానముచేసి దేవునిగూటియొద్ద దీపము వెలిగించి, పనికి పోవు తొందరలోనైనను పదినిమిషములు కన్నులు మూసికొని కూర్చుండును. నాయనమ్మగారు మడిగట్టుకొని జపమాల త్రిప్పుచుందురు. బిడ్డలిద్దఱు, పెద్దవానికి ఆఱేండ్లు, చిన్నదానికి మూఁడేండ్లు. ఏడున్నరకు బడిబస్సు వీధిమొగను నిలుచును. అప్పటిలోపల పాలు కాఁగవలెను, ఉప్మా కావలెను, క్యారియరు కట్టవలెను, జడ వేయవలెను, కనఁబడకుండఁబోయిన మేజోడు దొరకవలెను. ఈ నడుమ పెద్దవాఁడు దేవునియెదుట పళ్లెరములోని బెల్లపుముక్కను నోట వేసికొనఁబోవును. తల్లి రెండుచేతులును పనిలో నున్నవి. నోరొక్కటే తీఱికగా నున్నది. అందుచేత "కళ్లు పోతాయి" అనును. చేయి వెనుకకు పోవును. పని జరిగినది. ఆమెను నేను నిందింపను. బిడ్డను దగ్గఱ కూర్చుండఁబెట్టుకొని, నైవేద్యమన నేమో, అందఱికంటె ముందు తానొక్కఁడే తినకుండుట యెందుకు మంచిదో చెప్పుటకు అయిదు నిమిషములు పట్టును. ఆ అయిదు నిమిషములను ఆమెకు ఆ యింట ఎవ్వరును ఇచ్చుటలేదు. పూజ ముగించి వార్తాపత్రిక చేతఁబట్టిన గృహయజమానుఁడు ఈ వాక్యమును రెండుమాఱులు చదువుకొనుఁగాక.

అయితే ఆ మాట బిడ్డ మనస్సులో ఏమి చేయుచున్నదో చూతము. ఆఱేండ్లవాఁడు మనము తలఁచినంత అమాయకుఁడు కాఁడు. ఒకనాఁడు ఎవ్వరును లేనప్పుడు ఆ బెల్లపుముక్కను తిననే తినును. తిని, కన్నులు గట్టిగా మూసికొని, మెల్లగా తెఱచి చూచును. గోడ గోడగానే యున్నది. గడియారము గడియారముగానే యున్నది. వాఁడప్పుడు చేరఁగల నిర్ణయములు రెండే: అమ్మ చెప్పినది అబద్ధము, లేదా దేవుఁడు చూడలేదు. మొదటిదానిచేత తల్లిమాటయందలి విశ్వాసము సడలును. రెండవదానిచేత, ఈశ్వరుఁడు సర్వసాక్షియను ఎఱుక మొలకలోనే విఱిగిపోవును. కన్నుగప్పి తప్పించుకొనఁదగిన కాపలావాఁడు మాత్రము మిగులును. లంచము పుచ్చుకొని అందులో కొంత హుండీలో వేయు పెద్దమనుష్యుని చూచి మనము ఆశ్చర్యపడుచుందుము. దేవుఁడు కాపలావాఁడని చిన్ననాఁడు నేర్చినవాఁడు, కాపలావానికి మామూలు ఇచ్చుట నేర్వఁడా?

లెంపలు వేసికొనుటయు నట్టిదే. తప్పు చేసినది తమ్మునియెడ. లెంపలు వేసికొన్నది దేవునియెదుట. గిల్లించుకొన్న తమ్ముఁడు ఇంకను ఏడ్చుచునే యుండును. అన్నకు మాత్రము దేవునితోడి లెక్క తీఱిపోయినది. తమ్ముని కన్నీరు తుడిచి రమ్మని చెప్పినవారు ఎవ్వరును లేరు.

ఇఁక పరీక్షించి చూడని బిడ్డలు కొందఱు కలరు. వారు మెత్తనివారు, చెప్పినమాట వినువారు, ఇరుగుపొరుగువారు బుద్ధిమంతులని మెచ్చుకొనువారు. ఈ భయము చేయు హాని వీరియందే హెచ్చు. ఏలయన అది పైకి కనఁబడదు. ఇంట ఆటలమ్మ పోసినదనుకొందము. జ్వరము, ఒడలెల్ల పొక్కులు, ఆగని దురద. మన యిండ్లలో దీనిని రోగమని పిలువలేదు, అమ్మవారనిరి. ఆ పేరులో కొంత మృదుత్వమున్నదని నేను కాదనను. అమ్మవారు వచ్చిన బిడ్డను ఆ దినములలో ఎవ్వరును కొట్టరు, తిట్టరు. వేఁపాకులు పఱచి పరుండఁబెట్టుదురు. చలువచేయు పదార్థములు పెట్టుదురు. బయటివారిని లోపలికి రానీయరు. ఒకరినుండి యొకరికి అంటుకొను రోగము గావున ఆ కడపటి నియమము మేలైనదే. కాని గోడవైపు తిరిగి పండుకొన్న ఆ పసివాఁడు లోలోపల ఏమి తలపోయుచున్నాఁడు? మొన్న తినిన బెల్లమును తలఁచుకొనుచున్నాఁడు. పుస్తకమునకు కాలు తగిలినప్పుడు కన్నుల కద్దుకొనకుండ పోయిన సంగతి తలఁచుకొనుచున్నాఁడు. అందఱును చెప్పుచు వచ్చిన శిక్ష యిప్పుడు వచ్చినది. కన్నులు పోవుటకు మాఱుగా ఒడలంతయు పొక్కినది. "అమ్మా, నేనేం తప్పు చేశాను?" అని నోరువిడిచి అడిగిన బిడ్డ అదృష్టవంతుఁడు. తల్లి దగ్గఱకు తీసికొని కాదని చెప్పును. అడుగనివాని గతి యేమి? పొక్కులు కొలఁదిదినములలో మాడిపోవును. తాను దోషినని, దేవుఁడు తనకు పగవాఁడని వాఁడు చేసికొన్న లెక్క మాత్రము మాడిపోదు.

ఇది ఊహకు తెచ్చుకొన్న బాధ కాదు. ఆటలమ్మకంటె వేయిరెట్లు క్రూరమైన మశూచికము తరతరములుగా ఈ దేశపు పసిబిడ్డలను చంపినది. దానికిని అమ్మవారనియే పేరు. ఎడ్వర్డు జెన్నరు 1796లో ఇంగ్లండున టీకాను పరీక్షించెను. 1802లో ఆ టీకా బొంబాయికి వచ్చినప్పుడు మన దేశమున దానిని మొదట వేయించుకొన్నది ఒక మూఁడేండ్ల బాలిక. 1975 తరువాత ఈ దేశమున ఆ రోగము కనఁబడలేదు. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అది భూమిమీఁదనే లేదని ప్రకటించెను. తప్పులు చేయు బిడ్డలు 1980కి పిమ్మటను పుట్టుచునే యున్నారు. బెల్లము దొంగిలించుట యెక్కడను ఆగలేదు. రోగము మాత్రము మఱల రాలేదు. ఆ రోగము ఎవ్వరి కోపమును కాదని, కంటికి కానరాని వైరసు చేసిన పనియని దీనిచేత తేలినది. ఆ సూక్ష్మపదార్థపు నడవడిని కనిపెట్టిన బుద్ధి ఈశ్వరదత్తమని నమ్మువారికి, ఇందు భక్తి తగ్గుటకు కారణమేమియు లేదు. పోయినది బెదిరింపు మాత్రమే. కాని అంతకుముందు పోయిన బిడ్డలలో ఎందఱు తాము చేసిన తప్పునకే ఇది వచ్చినదని తలఁచుచు కన్నుమూసిరో, ఆ లెక్క యే ప్రభుత్వపు దస్తరములోను ఉండదు.

పెద్దలు చేయు ఆక్షేపణ గట్టిది, దానిని దాఁటిపోరాదు. మన భాషలోనే 'భయభక్తులు' అని జంటపదము కలదు. భయము లేనిచోట భక్తి యుండదని లోకవాదము. కఠోపనిషత్తు అగ్ని మండుటకును సూర్యుఁడు కాయుటకును ఆ పరమాత్మవలని భయమే కారణమని చెప్పుచున్నది గదా యని పండితులు అడుగుదురు. నిజమే. కాని సూర్యుఁడు ఎవరో కొట్టుదురని వెఱచి ఉదయించుచున్నాఁడని ఋషి చెప్పలేదు. జగత్తునందలి క్రమము ఎవ్వరికిని మీఱరానిదని చెప్పినాఁడు. బ్రహ్మానందము నెఱిఁగినవానికి దేనివలనను భయము లేదని తైత్తిరీయము చెప్పుచున్నది. రెంటిని కలిపి చదువవలెను. మఱియు భయములలో భేదము కలదు. తల్లి నొచ్చుకొనునేమో యని వెఱచు బిడ్డ యొకఁడు. తల్లి కొట్టునేమో యని వెఱచు బిడ్డ మఱియొకఁడు. రెండవవాని భయము తల్లి పొరుగూరికి పోఁగానే పోవును. మొదటివానిది ఆమె పోయిన పిమ్మటను, ఏఁబదియేండ్లకైనను, వానితోనే యుండును. భయభక్తులను మాటలో పూర్వులు ఈ మొదటిదానినే యుద్దేశించిరని నా తలంపు. వంటయింట మనము వాడుచున్నది రెండవది.

నిప్పును ముట్టిన చేయి కాలునని చెప్పుట వేఱు. అది బెదిరింపు కాదు. నిప్పు రాజు చేతిని, పేఁద చేతిని, బుద్ధిమంతుని చేతిని, అల్లరివాని చేతిని ఒక్కరీతినే కాల్చును. చెప్పిన మాట నిజమగుచుండుటచేతనే బిడ్డకు తల్లిమాటయందు గుఱి కుదురును. విద్యుత్తుతీఁగను ముట్టవద్దని ఆమె ఒకనాఁడు గట్టిగా అఱచినప్పుడు ఆ గుఱియే వాని ప్రాణమును కాపాడును. కన్నులు పోవునని దినమునకు పదిమాఱులు చెప్పి, ఒక్కమాఱైనను పోకుండుట చూచిన బిడ్డ, ఆ అఱపును పదునొకండవదిగా లెక్కవేసినచో ఎవరిది దోషము?

సాయంకాలమైనది. బిడ్డలు బడినుండి వచ్చిరి, తండ్రియు వచ్చెను. టెలిఫోను మ్రోఁగినది. ఎవరో బాకీ వసూలునకు అడుగువారు కాఁబోలు. "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని తండ్రి కొడుకు చేతికి దానిని అందించును. వాఁడు అట్లే చెప్పును. చక్కగా చెప్పినందులకు వీపు తట్టించుకొనును. ఆ రాత్రియే వాఁడు బడిలెక్కలు చేయకయే చేసితినని చెప్పి పట్టుపడును. "అబద్ధమాడితే కళ్లు పోతాయి" అని తండ్రి కేకలు వేయును. బిడ్డ తలయెత్తి తండ్రి కన్నులవంక చూచును. అవి చక్కగానే యున్నవి. అద్దములు మాత్రము కలవు. ఆ అద్దములు అందుకే వచ్చినవేమో యని వాఁడు సందేహించినను నేను వానిని తప్పుపట్టను.

ఇట్టి చూపు చూచిన బాలుని కథ మన ఉపనిషత్తులలోనే యున్నది. నచికేతుని తండ్రి సర్వస్వమును దానము చేయు యజ్ఞము చేసెను. కాని దానమిచ్చిన ఆవులు వట్టిపోయినవి, ఇఁక పాలును దూడయు లేనివి. చుట్టును ఋత్విక్కులున్నారు, పండితులున్నారు, ఎవ్వరును మాటాడలేదు. పిల్లవాఁడు చూచెను. శ్రద్ధ యను వస్తువు ఆ క్షణమున వానియందు ప్రవేశించెనని ఉపనిషత్కర్త చెప్పుచున్నాఁడు. ఇది గమనింపఁదగినది. శ్రద్ధ వానికి మంత్రము వల్లించునప్పుడు రాలేదు, పెద్దలు బెదిరించునప్పుడు రాలేదు. తండ్రి చేయుచున్న పనికిని చెప్పుచున్న మాటకును నడుమ నున్న బీటను చూచినప్పుడు వచ్చినది. నన్నెవరికి ఇచ్చెదవని వాఁడు ముమ్మాఱు అడిగెను. నిన్ను మృత్యువునకు ఇచ్చితినని తండ్రి కోపముతో పలికెను. బిడ్డ అడిగిన నిజమునకు జవాబు లేనప్పుడు పెద్దలకు చేతికందు ఆయుధము నాఁడును బెదిరింపే. పిమ్మట యమునియొద్ద ఆ బాలుఁడు మొదట కోరిన వరమేది? తన తండ్రి కోపము చల్లాఱవలెనని, తాను తిరిగిపోయినప్పుడు తండ్రి తన్ను ప్రేమతో గుర్తింపవలెనని. ఆత్మవిద్యను అడిగినది ఆ తరువాతనే. బెదిరింపఁబడిన బిడ్డ మనస్సును ఇంతకంటె చక్కగా ఎఱిఁగినవారు తక్కువ. ఛాందోగ్యమున జబాల కొడుకుతో తనకు వాని గోత్రము తెలియదని, కొదువను దాఁచక చెప్పినది. ఆ బిడ్డ ఆ మాటనే గురువునొద్ద చెప్పి, సత్యము తప్పనివాఁడని శిష్యుఁడుగా గ్రహింపఁబడెను. ఆ కథలో కన్నులు పోవుట యన్న మాట లేదు. నిజము చెప్పిన తల్లి యున్నది.

నాయనమ్మగారి మాట చెప్పకుండుట న్యాయము కాదు. మడిలో నున్నప్పుడు మనుమరాలు చేతులు చాఁచి పరుగెత్తి వచ్చును, "ముట్టుకోకు!" అని ఆమె వెనుకకు జరుగును. ఆ క్షణమున బిడ్డ ముఖమును చూచినవారు ఆ ఆచారమును సులభముగా సమర్థింపలేరు. కాని భోజనమైన పిదప అదే నాయనమ్మ అదే బిడ్డను ఒడిలో వేసికొని, తలనిమురుచు, గంటసేపు కథలు చెప్పును. బిడ్డకు మిగులునది ఏది? మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు 1839లో తత్త్వబోధినీసభను స్థాపించి, 1843లో బ్రాహ్మధర్మదీక్ష గైకొని, విగ్రహారాధనమును విడిచినవాఁడు. ఆయన తన ఆత్మచరిత్రమును ఆరంభించుట విగ్రహారాధనపరాయణురాలైన తన పితామహితోనే. ఆమె అవసానకాలమున గంగాతీరమునకు కొనిపోఁబడినప్పుడు, పదునెనిమిదేండ్ల వయస్సున, ఆమె చెంత శ్మశానఘట్టమున కూర్చుండియున్న రాత్రియందే తనకు వైరాగ్యమును, చెప్పనలవికాని ఆనందమును కలిగెనని ఆయన వ్రాసినాఁడు. ఆమె సిద్ధాంతమును ఆయన నిలుపుకొనలేదు. ఆమె ప్రేమ నిలిచినది. పెద్దల ఆచారములలో ఏవి యుండవలె ననునది యట్లుండ, బిడ్డ చేతికి వారినుండి నిజముగా అందునది వారి ఆప్యాయతయే.

సంస్కారులమని చెప్పుకొను కొందఱి యిండ్లను గూర్చియు ఒకమాట. అచ్చట పటములు లేవు, నైవేద్యము లేదు, మడి లేదు. ఆదివారమున ప్రార్థన మాత్రము కలదు. ప్రార్థనలో అయిదేండ్ల బిడ్డ గంటసేపు కదలక మెదలక కూర్చుండవలెను. కదలినచో "దేవుఁడు చూచుచున్నాఁడు" అని తల్లి చెవిలో గొణుగును. నిరాకారుఁడైన పరమేశ్వరుఁడు చూచుచున్నాఁడనుట మహాసత్యము. కాని ఆ గొణుగుడులో అది పోలీసువాఁడు వచ్చుచున్నాఁడనుట తప్ప మఱేమి? రూపము తీసివేసి బెత్తమును ఉంచుకొన్నవారు పక్కయింటివారి మూఢత్వమును వెక్కిరింపరాదు.

ఈ చిక్కులన్నిటికిని భయపడి, బిడ్డకు దేవునిగూర్చి ఏమియు చెప్పక, యుక్తవయస్సు వచ్చినప్పుడు తానే యేరుకొనును గాక యని యూరకుండువారును కలరు. వారి న్యాయబుద్ధికి నమస్కారము. వారి యుపాయము నాకు నచ్చదు. బిడ్డ ఏ భాష మాటాడవలెనో పదునెనిమిదేండ్లకు తానే నిర్ణయించుకొనునని యే తల్లియు ఊరకుండదు. అట్లున్నచో వాఁడు మూఁగయగును. తన భాషను తాను మాటాడుచుండును, బిడ్డ పట్టుకొనును. తరువాత వాఁడు నాలుగు భాషలు నేర్చినను, తల్లిభాషనే విడిచినను, మాటాడు శక్తి మాత్రము ఆమె యిచ్చినదే. ప్రార్థనయు నట్టిదే. దుఃఖము వచ్చిననాఁడు తల్లి యొక్కతె కూర్చుండి చేతులు జోడించుటను తలుపుసందునుండి చూచిన బిడ్డకు, ఏదో యొకటి అందును. దానిని తరువాత వాఁడు ఏమి చేసికొనునో వాని యిష్టము. మనకు ఆ స్వాతంత్ర్యమును తీసివేయు హక్కు లేదు.

రాజశాసనమును ఇంతవఱకే వచ్చి యాగినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము, 28వ అధికరణమున, ప్రభుత్వపు గుర్తింపుగాని ధనసహాయముగాని గల విద్యాలయమున సమ్మతి లేనిదే యెవ్వరికిని మతబోధను నిర్బంధింపరాదని చెప్పినది. మైనరు బిడ్డ విషయమున ఆ సమ్మతి సంరక్షకులది. ఐక్యరాజ్యసమితి 1989లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికయందు భారతదేశము 1992లో చేరినది. దాని 14వ అధికరణము బిడ్డకును అంతరాత్మస్వాతంత్ర్యము కలదనుచు, వాని యెదుగుచున్న శక్తికి తగినట్లు దారిచూపు హక్కును బాధ్యతను తల్లిదండ్రులకు విడిచినది. బడిలో బిడ్డ మనస్సును కాచుటకు శాసనమున్నది. దేవునిగూటియొద్దకు, వంటయింటికి, పడకటింటికి ఏ యుద్యోగియు రాఁడు; రాకుండుటయే మంచిది. అచ్చట బిడ్డ అంతరాత్మను కాచువాఁడును, కాలరాయఁగలవాఁడును ఒక్కఁడే.

రాత్రి పడకవేళ కథ చెప్పవలెను. తఱచుగా అది ప్రహ్లాదుని కథ. పోతన భాగవతమున సప్తమస్కంధము తెలుగుబిడ్డలకు ఉగ్గుపాలవంటిది. తండ్రి బాలుని గురువులకు అప్పగించెను, వారు బెదిరించిరి. తరువాత ఏనుఁగులచే త్రొక్కించిరి, పాములచే కఱపించిరి, నిప్పులో త్రోసిరి, కొండకొమ్ముననుండి పడఁద్రోసిరి. బాలుఁడు వెఱవలేదు. వినుచున్న బిడ్డ ప్రతిమాఱును ప్రహ్లాదుని పక్షమే. చెప్పుచున్న తండ్రియు ఆ పక్షమే. ఆ కథలో భయముచేత మనస్సును త్రిప్పవచ్చునని నమ్మినవాఁడెవఁడు? హిరణ్యకశిపుఁడు. దేవుఁడు ఆ బిడ్డను ఒక్కనాఁడైనను బెదిరింపలేదు. ఈ సంగతిని మనము పగలంతయు మఱచి, రాత్రి దీపము తగ్గించి గద్గదస్వరముతో చెప్పుచుందుము.

తల్లులు న్యాయముగా అడుగవచ్చును: మఱి ఏడుగంటలకు, చేతులు పనిలో నున్నప్పుడు, ఏమనవలెను? "ఆగు నాన్నా, అందరం కలిసి తిందాం" అనవచ్చును. దీనికి పట్టు కాలము కన్నులు పోవునని చెప్పుటకు పట్టునంతయే. నైవేద్యమందలి సారమును ఆ మాటలోనే యున్నది: దొరకినదానిని ఇచ్చినవానిని తలఁచుకొని, పంచుకొని తినుట. బిడ్డ వినకుండ తినివేసినచో, "నాయనమ్మకు లేకుండా అయిందే" యని చెప్పవచ్చును. అది నిజము, వానికి అర్థమగును, వాఁడు సరిచేయఁగలిగినదియును. పుస్తకమునకు కాలు తగిలినప్పుడు కన్నుల కద్దుకొనుట చక్కని ఆచారము, అది యుండనిండు. అద్దుకొననిచో చదువు రాదను తోఁకను మాత్రము కత్తిరింపుఁడు. పళ్లెరమును కొంచెము ఎత్తుగా పెట్టుటయు ఒక ఉపాయమే. ఆకలిగొన్న పసివాని యెదుట బెల్లమును ఉంచి వాని నిగ్రహమును పరీక్షించుట ఏ శాస్త్రమునను విధింపఁబడలేదు.

కష్టమైనది ఇదివఱకే భయపెట్టి యుంచినవారి పని. ఆ మాటను మానినంతమాత్రమున చాలదు. బిడ్డ దానిని లోపల దాఁచుకొనియే యుండును, ముఖ్యముగా ఆ మెత్తని బిడ్డ. వానిని ప్రక్కను పరుండఁబెట్టుకొని, బెల్లము తినినందులకు ఎవ్వరి కన్నులును పోవనియు, ఆటలమ్మ వచ్చినది వాని తప్పుచేత కాదనియు, తేటగా చెప్పవలెను. అప్పుడు వాఁడు తప్పక అడుగును: "అయితే నాయనమ్మ అబద్ధం చెప్పిందా?" ఇచ్చట తడఁబడరాదు, అత్తగారిని చులకన చేయరాదు. నాయనమ్మకు వాళ్ల నాయనమ్మ చెప్పినది, ఆమెకు మఱియొకరు చెప్పినారు, నిన్ను ప్రేమించియే చెప్పినది, కాని ఎవ్వరును పరీక్షించి చూడలేదని చెప్పవచ్చును. "నేను చూశాను" అని వాఁడు చీఁకటిలో మెల్లగా ఒప్పుకొనినచో, బెల్లము సంగతి ఆ రాత్రి యెత్తకుఁడు.